బైక్ బ్యాటరీ: కొలిచి చూడడం, చార్జింగ్ పెట్టడం, ఎక్కువ కాలం నిలుపుకోవడం

కొన్నేళ్ల క్రితం నా 150 సీసీ బైక్‌కు పద్నాలుగు నెలల వ్యవధిలో రెండు కొత్త బ్యాటరీలు వేయించాను. సెల్ఫ్ తీసుకోవడం లేదని చెప్పిన ప్రతిసారీ మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు, నేను డబ్బు ఇచ్చాను. మూడోసారి కూడా అదే మాట వినబడేసరికి అనుమానం వచ్చి, కొన్ని వందల రూపాయలకు ఒక మల్టీమీటర్ కొని, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర పెట్టి చూస్తే 15.6 వోల్టులు కనబడ్డాయి. చార్జింగ్‌ను అదుపులో ఉంచవలసిన రెగ్యులేటర్ పాడై, కొత్తగా వేయించిన ప్రతి బ్యాటరీనీ కొద్ది నెలల్లో ఉడకబెట్టి చంపుతోందన్న మాట. బ్యాటరీలు రెండూ మంచివే. కొలవకపోవడమే నా తప్పు.

అప్పటినుంచి కొలవకుండా బ్యాటరీకి చార్జింగ్ పెట్టడం లేదు, కొలవకుండా బ్యాటరీ మార్చడం లేదు. కింద చెప్పేదంతా మన పెట్రోలు బైక్‌లు, స్కూటర్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ గురించి. ఎలక్ట్రిక్ స్కూటర్లను నడిపించే పెద్ద లిథియం ప్యాక్‌ల సంగతి పూర్తిగా వేరు, వాటిని ఇంట్లో విప్పకూడదు. కావలసిన సామాను కొద్దే: ఒక డిజిటల్ మల్టీమీటర్, బైక్ బ్యాటరీల కోసమే తయారైన చిన్న ఆటోమేటిక్ చార్జర్, 10 నంబరు స్పానర్, స్క్రూడ్రైవర్, పాత టూత్ బ్రష్, వంట సోడా, కొంచెం వ్యాజలిన్, రబ్బరు చేతి తొడుగులు, కళ్లకు అద్దాలు. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ కూడా కావాలి.

ముందుగా బ్యాటరీ ఏ రకమో గుర్తించండి

సీటు కిందో, సైడ్ ప్యానెల్ వెనకో ఉన్న బ్యాటరీని ఒకసారి తీరిగ్గా చూడండి. లోపలి యాసిడ్ మట్టం బయటికి కనబడేలా మసక తెలుపు ప్లాస్టిక్ డబ్బా, పైన వరసగా ఆరు మూతలు, పక్కన పై గీత, కింది గీత, ఒక మూల నుంచి బయటికి వేలాడే సన్నటి రబ్బరు పైపు (దీన్నే వెంట్ పైపు అంటారు) ఉంటే అది నీళ్లు పోసే బ్యాటరీ. నల్లటి డబ్బా ఉండి, తీయదగిన మూతలేవీ కనబడకపోతే అది సీలు వేసిన వీఆర్ఎల్ఏ రకం. ఇందులో యాసిడ్ నీళ్లలా తొణకదు, పలకల మధ్య ఉండే గాజు పీచు పొరల్లో ఇంకి ఉంటుంది. తిరుపతి దగ్గర కరకంబాడి కేంద్రంగా ఎదిగిన అమరరాజా సంస్థ ఆమరాన్ పేరుతో అమ్మే బైక్ బ్యాటరీలు ఈ రకానివే. ఈ రకం మీద రాసి ఉండే 'మెయింటెనెన్స్ ఫ్రీ' అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నీళ్లు పోయనక్కరలేదని మాత్రమే దాని అర్థం. చార్జింగ్ తగ్గకుండా, మితిమీరకుండా చూసుకోవలసిన బాధ్యత దీనికీ అంతే ఉంది, ఇంకా చెప్పాలంటే ఎక్కువే, ఎందుకంటే అతి చార్జింగ్ వల్ల ఇందులో ఒకసారి ఆవిరైన నీటిని తిరిగి నింపే దారి లేదు.

తరువాత బ్యాటరీ మీద ముద్రించిన సామర్థ్యాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. చిన్న కమ్యూటర్ బైక్‌లలో, స్కూటర్లలో సాధారణంగా 2.5 నుంచి 5 ఏహెచ్ వరకు, 150 సీసీ తరగతిలో మోడల్‌ను బట్టి 4 నుంచి 9 ఏహెచ్ వరకు, అంతకన్నా పెద్ద బైక్‌లలో 8 నుంచి 14 ఏహెచ్ వరకు ఉంటుంది. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, అంటే ఎన్ని ఆంపియర్ల కరెంటును ఎన్ని గంటల పాటు ఇవ్వగలదో చెప్పే లెక్క. చార్జర్ ఎంపిక నుంచి చార్జింగ్ సమయం వరకు మున్ముందు వచ్చే లెక్కలన్నీ ఈ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి.

బ్యాటరీ ఎందుకు చచ్చిపోతుంది

1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంతే తయారుచేసిన సీసపు బ్యాటరీ సూత్రమే నేటికీ మన బైక్‌లలో పనిచేస్తోంది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్‌లు వరసగా కలిపి ఉంటాయి, ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. బ్యాటరీ నుంచి కరెంటు వాడుకున్నప్పుడు యాసిడ్‌లోని సల్ఫేటు పలకల మీదికి చేరి సీసపు సల్ఫేటుగా మారుతుంది, చార్జింగ్ పెట్టినప్పుడు అది మళ్లీ యాసిడ్‌లోకి కరిగిపోతుంది. పలకల మీద ఏర్పడిన ఈ సల్ఫేటు మొదట మెత్తటి సన్నటి పొరగా ఉంటుంది కాబట్టి తేలికగా వదిలిపోతుంది. కానీ బ్యాటరీని చార్జింగ్ తగ్గిన స్థితిలోనే వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా పేరుకుపోయి, ఆ తరువాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు, పలకలో అంత భాగం పనికిరాకుండా పోయినట్టే. మన ఇళ్లలో బైక్ బ్యాటరీలు ఎక్కువగా పోయేది ఇలాగే. వాడి వాడి అరిగిపోయేవి తక్కువ, ఖాళీగా వదిలేయడం వల్ల పాడయ్యేవి ఎక్కువ.

దీనికి ఎండ తోడవుతుంది. బ్యాటరీ ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా లోపల చార్జింగ్ కొద్దికొద్దిగా తరిగిపోతూనే ఉంటుంది, ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ తరుగుదల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బైక్ బ్యాటరీకి, చలికాలంలో అదే షెడ్డులో ఉన్నప్పటి కన్నా ఎంతో త్వరగా నీరసం వస్తుంది. వేడికి నీళ్లు కూడా ఆవిరవుతాయి.

కొత్త బైక్‌లలో ఈ విషయానికి ప్రాముఖ్యం ఇంకా పెరిగింది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ముందు దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఫ్యూయల్ ఇంజెక్షన్ వ్యాపించింది, చాలా మోడళ్లలో కిక్ పెడల్ కూడా మాయమైంది. కార్బ్యురేటర్ బైక్‌కు బ్యాటరీ డౌన్ అయితే ఒక కిక్కుతో పని జరిగేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు తిరగాలన్నా, ఇంజిన్‌ను అదుపు చేసే చిన్న కంప్యూటర్ ఈసీయూ మేలుకోవాలన్నా బ్యాటరీలో ప్రాణం ఉండాలి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే తోసి స్టార్ట్ చేయడం కూడా చాలాసార్లు కుదరదు.

మూడు కొలతలు

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల 20 రేంజిలో పెట్టి, ఎర్ర మొనను బ్యాటరీ ప్లస్‌కు, నల్ల మొనను మైనస్‌కు ఆనించాలి. మొనలను వైరు కొసన ఉన్న బిళ్ల మీద కాక, బ్యాటరీ సీసపు టెర్మినల్ మీదే ఆనించడం అవసరం, లేకపోతే తుప్పు పట్టిన జాయింటు వల్ల వచ్చే తేడాను బ్యాటరీ తేడాగా పొరబడతాం.

మొదటి కొలత విశ్రాంతి వోల్టేజి. బండి ఆపిన వెంటనే కొలిస్తే పలకల పై పొరల్లో నిలిచిన చార్జింగ్ వల్ల అంకె ఎక్కువగా కనబడి మోసం చేస్తుంది. కనీసం నాలుగు గంటలు ఆగి, లేదా మరుసటి ఉదయం తాళం తిప్పక ముందే కొలవండి. నీళ్లు పోసే బ్యాటరీలో 12.6 లేదా 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక వంతు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతు, 11.8 కన్నా తగ్గితే ఖాళీ అయినట్టు. వీఆర్ఎల్ఏ రకంలో ఈ అంకెలన్నీ ఒకటి రెండు పాయింట్లు ఎక్కువగా ఉంటాయి, నిండు బ్యాటరీ 12.8 లేదా ఆ పైన చూపిస్తుంది. 12 కనబడింది కదా, ఇది 12 వోల్టుల బ్యాటరీయే కదా అని తృప్తి పడేవాళ్లను చాలామందిని చూశాను. 12.0 అంటే ఆ బ్యాటరీ దాహంతో ఉందని అర్థం. ఒకవేళ పూర్తిగా చార్జింగ్ పెట్టిన తరువాత కూడా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరింటిలో ఒక సెల్ షార్ట్ అయి ఉంటుంది, దానికి మందు లేదు.

రెండో కొలత సెల్ఫ్ కొట్టేటప్పటిది. మీటరు మొనలను అలాగే పట్టుకుని, ఇంకొకరిని సెల్ఫ్ బటన్ నొక్కమనండి. మోటారు తిరుగుతున్నంతసేపు వోల్టేజి 10 దాకా పడిపోవడం సహజం. 9.5 కన్నా దిగువకు జారితే బ్యాటరీలో చార్జింగ్ లేదని గానీ, సామర్థ్యం తగ్గిపోయిందని గానీ అనుకోవాలి, ఏది నిజమో పూర్తిగా చార్జింగ్ పెట్టి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. బటన్ నొక్కినప్పుడు సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్ అయిన రిలే టకటకమనే చప్పుడు మాత్రమే వస్తూ వోల్టేజి బాగా పడిపోతే దోషం బ్యాటరీదే అయ్యుండవచ్చు. వోల్టేజి 12.6 నుంచి కదలకుండా ఉండి మోటారు తిరగకపోతే మాత్రం దోషం రిలేలోనో, స్విచ్‌లోనో, వదులైన జాయింటులోనో ఉంటుంది, బ్యాటరీ మార్చినా ఫలితం ఉండదు. బటన్‌ను ఐదు సెకన్లకు మించి నొక్కి పట్టుకోకూడదు, రెండు ప్రయత్నాల మధ్య పది పదిహేను సెకన్లు బ్యాటరీకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలి.

మూడో కొలతే నా డబ్బు మిగిల్చి ఉండవలసిన కొలత. ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కొంచెం తిప్పి సుమారు 4,000 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూడండి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉంటే చార్జింగ్ వ్యవస్థ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇంజిన్ ఆపి ఉన్నప్పటి అంకె కన్నా నడుస్తున్నప్పటి అంకె ఏమీ పెరగకపోతే ఇంజిన్ పక్కనుండి కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్, ఆ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్, వాటి మధ్య వైరింగు, ఫ్యూజు వరసగా పరీక్షించాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, అది మార్చే వరకు బండి నడపకపోవడం మంచిది, ఎందుకంటే బ్యాటరీతో పాటు బల్బులు, స్పీడోమీటరు, ఈసీయూ కూడా ఆ దెబ్బ తినవలసి వస్తుంది. ఎండాకాలంలో నీళ్లు పోసే బ్యాటరీ పదే పదే ఎండిపోతున్నా ఈ కొలతనే ముందుగా చూడాలి.

బండి వాడకపోయినా రెండు మూడు రోజులకే బ్యాటరీ దిగిపోతుంటే నాలుగో కొలత అవసరమవుతుంది. బండి తాళంచెవి తీసేసి, మైనస్ వైరు విప్పి, మల్టీమీటర్‌ను కరెంటు కొలిచే 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కలపండి. మొదట్లో పెద్ద అంకె లేదని నిర్ధారించుకున్నాకే మిల్లీ ఆంపియర్ల రేంజికి మారండి, మీటరు కలిపి ఉండగా తాళం తిప్పినా, సెల్ఫ్ నొక్కినా మీటరులోని ఫ్యూజు కాలిపోతుంది. సాధారణ బండిలో ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లకు మించి కనబడకూడదు. అలారం, జీపీఎస్ ట్రాకర్ బిగించిన బండిలో ఇది 5 దాటవచ్చు. 5 మిల్లీ ఆంపియర్లు వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ, రోజుకు 24 గంటల చొప్పున 30 రోజులకు 3.6 ఏహెచ్ అవుతుంది. 3 ఏహెచ్ బ్యాటరీ ఉన్న స్కూటర్‌ను నెల రోజులు కదపకుండా ఉంచితే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

బ్యాటరీని బయటికి తీయడం

బండి తాళంచెవి తీసేయండి. ముందుగా మైనస్ వైరు, తరువాత ప్లస్ వైరు విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరస వెనక చాదస్తమేమీ లేదు. బైక్ ఫ్రేమ్ మొత్తం మైనస్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, మైనస్ వైరు ఉండగా ప్లస్ నట్టు విప్పుతున్న స్పానర్ పొరపాటున ఫ్రేమ్‌కు తగిలితే నేరుగా షార్ట్ సర్క్యూట్ జరిగి నిప్పురవ్వలు వస్తాయి. మైనస్ ముందే విప్పేస్తే ఆ ప్రమాదం ఉండదు. చేతికి ఉన్న ఉంగరం, కడియం, లోహపు వాచీ గొలుసు తీసి పక్కన పెట్టండి. నీళ్లు పోసే బ్యాటరీ అయితే వెంట్ పైపు ఏ దారిలో వెళ్లిందో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, బ్యాటరీని వంచకుండా నిటారుగా ఎత్తండి.

టెర్మినళ్ల మీద తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుని ఉంటే దాన్ని ఊదకండి, చేత్తో రుద్దకండి. గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి టూత్ బ్రష్‌తో పూస్తే బుసబుసమని నురుగు వచ్చి యాసిడ్ విరిగిపోతుంది. ఆ నీళ్లు ఒక్క చుక్క కూడా మూతల సందుల్లోంచి లోపలికి దిగకూడదు, దిగితే సెల్‌లోని యాసిడ్ కూడా విరిగిపోతుంది. తరువాత తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టాలి.

నీళ్లు పోయడం

ఇది నీళ్లు పోసే రకానికి మాత్రమే. యాసిడ్ మట్టం ఆరు సెల్‌లలోనూ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, మినరల్ వాటర్ సీసా, ఇంట్లోని ఆర్వో నీళ్లు ఏవీ పనికిరావు, వాటిలోని లవణాలు పలకలకు చేటు చేస్తాయి. యాసిడ్ పోయడం ఇంకా పెద్ద తప్పు. ఆవిరై పోయేది నీళ్లే గానీ యాసిడ్ కాదు, కాబట్టి పైనుంచి మళ్లీ యాసిడ్ పోస్తే గాఢత పెరిగి పలకలు తినేయబడతాయి.

ఎప్పుడు పోయాలన్నది కూడా ముఖ్యమే. చార్జింగ్ జరుగుతున్నప్పుడు లోపలి మట్టం కొంత పెరుగుతుంది. అందుచేత పలకలు గాలికి బయటపడి ఉంటే చార్జింగ్‌కు ముందు అవి మునిగేంత వరకు మాత్రమే పోసి, పై గీత వరకు నింపడం చార్జింగ్ పూర్తయ్యాక చేయాలి. ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి వెంట్ పైపు గుండా కారి, చైను మీదా, ఫ్రేమ్ రంగు మీదా పడుతుంది. ఇంజెక్షన్ సిరంజి ఉంటే చిన్న సెల్‌లలో చుక్క కారకుండా పోయవచ్చు, కానీ ఆ సిరంజిని తరువాత మరే పనికీ వాడకూడదు.

చార్జింగ్ పెట్టడం

బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో నెమ్మదిగా నింపడమే సీసపు బ్యాటరీకి ఒంటబట్టే పద్ధతి. 9 ఏహెచ్ బ్యాటరీకి 0.9 ఆంపియర్, 5 ఏహెచ్‌కు 0.5, 3 ఏహెచ్‌కు 0.3. చాలా బ్యాటరీల లేబుల్ మీద సాధారణ చార్జింగ్‌కు ఎంత కరెంటు, ఎన్ని గంటలు అన్నది తయారీదారులే ముద్రిస్తారు, అది కనబడితే దాన్నే పాటించండి. కార్ల కోసం చేసిన 5, 10 ఆంపియర్ల చార్జర్‌ను 3 ఏహెచ్ బ్యాటరీకి తగిలిస్తే అది చార్జింగ్ అనిపించుకోదు, లోపల నీళ్లు మరిగి పలకలు వంకర్లు పోతాయి. ఇంట్లో ఉన్నది కదా అని ఇన్వర్టర్ నుంచి వైర్లు లాగడమూ అలాంటిదే.

ఆటోమేటిక్ చార్జర్ కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి: బైక్ బ్యాటరీలకు తగినట్టు 1 ఆంపియర్ లేదా అంతకు తక్కువ కరెంటుకు మార్చుకునే వీలుండాలి, పై పరిమితి 14.4 నుంచి 14.7 వోల్టుల దగ్గర ఆగాలి, నిండిన తరువాత తనంతట తాను 13.5 నుంచి 13.8 వోల్టుల నిలకడ స్థితికి దిగాలి. చివరి లక్షణం లేని పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్‌ను రాత్రంతా వదిలేసి నిద్రపోకూడదు.

స్థలం విషయంలో రాజీ పడకండి. చార్జింగ్ చివరి దశలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు అది పేలడానికి. గాలి ఆడే వరండా మంచిది. వంటగది, దేవుడి గది, పిల్లలు పడుకునే గది పనికిరావు. దీపం, అగరుబత్తి, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందని, కింద చెక్క పెట్టాలని పెద్దలు చెప్పేవారు. బ్యాటరీ పెట్టెలు వేరే పదార్థాలతో చేసిన రోజుల్లో ఆ జాగ్రత్తకు కారణం ఉండి ఉండవచ్చు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకు అవసరం లేదు. అయితే యాసిడ్ చుక్క పడితే గచ్చు పాడవుతుంది కాబట్టి నేనిప్పటికీ ఒక పాత ప్లాస్టిక్ ట్రేలోనే పెడతాను.

ఇక వరస ఇది. నీళ్లు పోసే రకమైతే ఆరు మూతలూ తీసి పక్కన పెట్టండి. వీఆర్ఎల్ఏ రకమైతే పైనున్న పట్టీని ఎప్పుడూ పెకిలించవద్దు. చార్జర్ ప్లగ్గు గోడకు పెట్టక ముందే ఎర్ర క్లిప్పును ప్లస్‌కు, నల్ల క్లిప్పును మైనస్‌కు తగిలించి, గట్టిగా పట్టాయో లేదో చూసుకుని, ఆ తరువాతే స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి, తరువాతే క్లిప్పులు తీయాలి. నిప్పురవ్వ పుట్టేది ఎప్పుడైనా ఈ కలిపే, విడదీసే క్షణంలోనే.

ఎంతసేపు అన్నదానికి లెక్క ఉంది. 9 ఏహెచ్ బ్యాటరీ విశ్రాంతి వోల్టేజి 12.2 చూపిస్తే సగం ఖాళీ, అంటే 4.5 ఏహెచ్ లోటు. 0.9 ఆంపియర్ చొప్పున ఐదు గంటలు పడుతుంది, చార్జింగ్‌లో వృథా అయ్యేదాని కోసం ఇంకో గంట, గంటన్నర కలుపుకోవాలి. పూర్తిగా ఖాళీ అయినదానికి పన్నెండు గంటలు దాటవచ్చు. మొదటి గంటలో రెండు మూడుసార్లు డబ్బాను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చేయి ఉంచలేనంత వేడెక్కినా, డబ్బా ఉబ్బినట్టు కనబడినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా వెంటనే స్విచ్ ఆపేయండి, ఆ బ్యాటరీ మీద ఇంకా ప్రయోగాలు చేయవద్దు.

బాగా దిగిపోయిన బ్యాటరీని కొన్ని ఆటోమేటిక్ చార్జర్లు అసలు గుర్తించవు, ఎర్ర లైటు చూపించి ఊరుకుంటాయి. అలాంటప్పుడు బ్యాటరీ షాపులో చార్జింగ్‌కు ఇవ్వడం మంచిది. ఇచ్చేటప్పుడు సామర్థ్యం చెప్పి, నెమ్మదిగా పెట్టమని మరీ మరీ చెప్పండి. సాయంత్రానికల్లా కావాలని మనం తొందరపెడితే వాళ్లు కరెంటు పెంచేస్తారు, ఆ నష్టం మనదే.

చార్జింగ్ నిజంగా ఎక్కిందా

చార్జర్ ఆకుపచ్చ లైటు వెలిగించగానే పని అయిపోయిందనుకోకండి. సల్ఫేటు గట్టిపడిన బ్యాటరీకి తీసుకునే శక్తే తక్కువ కాబట్టి గంటలోనే 'నిండిపోయి' ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. క్లిప్పులు తీసి, రాత్రంతా పక్కన పెట్టి, ఉదయం కొలవండి. నీళ్లు పోసే రకంలో 12.6, వీఆర్ఎల్ఏలో 12.8 నిలిస్తే మంచిది. 12.4 కన్నా కిందికి జారితే ఇంకొకసారి పూర్తి చార్జింగ్ పెట్టి చూసి, మళ్లీ అదే ఫలితం వస్తే కొత్త బ్యాటరీకి సిద్ధపడవచ్చు. వోల్టేజి బాగుండి కూడా సెల్ఫ్ కొట్టినప్పుడు 9.5 కిందికి పడిపోతే సామర్థ్యం పోయినట్టే, ఇల్లు నిండుగా కనబడుతున్నా గాదెలో గింజల్లేని పరిస్థితి అది.

నీళ్లు పోసే బ్యాటరీకి హైడ్రోమీటర్‌తో యాసిడ్ సాంద్రత కూడా చూడవచ్చు. నిండు బ్యాటరీలో అది సుమారు 1.260 నుంచి 1.280 వరకు ఉంటుంది. ఐదు సెల్‌లు ఒకలా ఉండి ఒకటి మాత్రం 0.050 కన్నా ఎక్కువ తేడాతో తక్కువగా ఉంటే ఆ సెల్ చెడిపోయినట్టు. బైక్ సెల్‌లో యాసిడ్ కొద్దిగానే ఉంటుంది కనుక కారు హైడ్రోమీటర్ అందులో తేలదు, చిన్నది అడిగి తెచ్చుకోవాలి.

తిరిగి బిగించడం

వెంట్ పైపు మడత పడకుండా, చైనుకూ సైలెన్సర్‌కూ దూరంగా కిందికి వెళ్లేలా మునుపటి దారిలోనే పెట్టండి. పైపు మూసుకుపోతే లోపలి వాయువుకు దారి ఉండదు. ప్లస్, తరువాత మైనస్ బిగించి, సీసపు టెర్మినల్ మర పోయేంత బలం వాడకుండా గట్టిగా తిప్పండి. వ్యాజలిన్‌ను బిగించిన తరువాత పైన పల్చగా పూయాలి, బిగించక ముందు మధ్యలో కాదు. ప్లస్ మీది ఎర్ర రబ్బరు టోపీ మళ్లీ పెట్టండి. బ్యాటరీ తన గూటిలో కదలకుండా పట్టీ వేయడం మరచిపోకూడదు, గతుకుల రోడ్డు మీద అదురుడుకు పలకల్లోని పదార్థం రాలి అడుగున చేరి సెల్ షార్ట్ అవుతుంది.

నెలల తరబడి బండి వాడనప్పుడు

పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లేవాళ్లు, సెలవుల్లో హాస్టల్ నుంచి ఊరికి వెళ్లే విద్యార్థులు బండిని అలాగే వదిలేసి వెళతారు. రెండు వారాలు దాటి ఆపవలసి వస్తే బ్యాటరీని నిండా చార్జింగ్ చేసి, మైనస్ వైరు విప్పి ఉంచండి. నెల దాటితే బ్యాటరీని బయటికి తీసి నీడగా, చల్లగా ఉండే చోట పెట్టి, నెలకొకసారి కొలిచి, 12.5 కన్నా తగ్గగానే చార్జింగ్ పెట్టేలా ఇంట్లో ఎవరికైనా అప్పగించండి.

పక్కింటి అబ్బాయికి తాళం ఇచ్చి రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమనడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. సెల్ఫ్ ఒకసారి కొట్టడానికి 60 ఆంపియర్లు, రెండు సెకన్లు పట్టిందనుకున్నా ఖర్చయ్యేది 0.033 ఏహెచ్ మాత్రమే, అది పెద్ద నష్టం కాదు. కానీ ఐడ్లింగ్‌లో స్టేటర్ ఇచ్చే కరెంటులో ఎక్కువ భాగం ఆరని హెడ్‌లైటుకూ, పెట్రోలు పంపుకూ, ఇగ్నిషన్‌కూ పోతుంది, బ్యాటరీకి మిగిలేది స్వల్పం. పైగా సైలెన్సర్‌లో చేరిన తేమ ఆవిరయ్యేంత వేడి కూడా పుట్టదు. వారానికి ఒకసారి అరగంట రోడ్డు మీద నడిపిస్తే నిజంగా మేలు జరుగుతుంది.

రోజూ తిరిగే బండికైనా అదనపు లైట్ల బరువు ఎంతో లెక్క చూసుకోండి. 55 వాట్ల హాలోజన్ ఫాగ్ ల్యాంపులు రెండు పెడితే 110 వాట్లు, అంటే 9 ఆంపియర్ల పైమాటే. చిన్న బైక్ స్టేటర్ అంత బరువు మోయలేదు, రాత్రి ప్రయాణం పూర్తయ్యేసరికి బ్యాటరీ బయలుదేరినప్పటికన్నా ఖాళీగా ఉంటుంది.

దారిలో ఆగిపోతే కారు బ్యాటరీ నుంచి జంపర్ వైర్లతో స్టార్ట్ చేయవచ్చు, అయితే కారు ఇంజిన్ ఆపి ఉంచాలి. ముందు ప్లస్‌కు ప్లస్ కలిపి, నల్ల వైరు ఒక కొసను కారు బ్యాటరీ మైనస్‌కు, రెండో కొసను బైక్ బ్యాటరీ మీద కాక, దూరంగా రంగు లేని ఇంజిన్ లోహపు భాగానికి తగిలించండి. స్టార్ట్ కాగానే వైర్లు తీసేసి, ఇంటికి చేరాక చార్జర్ పెట్టండి.

కొందరు బరువు తగ్గుతుందని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేయించుకుంటారు. దాని విశ్రాంతి వోల్టేజి 13.2, 13.3 ఉంటుంది, పైన చెప్పిన అంకెలు దానికి వర్తించవు. సల్ఫేటు వదిలించే మోడ్ ఉన్న సీసపు బ్యాటరీ చార్జర్‌ను దానికి పొరపాటున కూడా తగిలించకూడదు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు

అన్ని కొలతలూ చూసి మార్చక తప్పదని తేలాక, సామర్థ్యంతో పాటు పొడవు, వెడల్పు, ఎత్తు, ప్లస్ ఏ వైపు ఉందో చూసి అదే రకం తీసుకోండి. నీళ్లు పోసే రకాన్ని షాపులో అప్పటికప్పుడు యాసిడ్ నింపి చేతికి ఇచ్చేస్తుంటారు. యాసిడ్ పోసి అరగంట ఊరనిచ్చి, మట్టం సరిచేసి, పదో వంతు కరెంటుతో కొన్ని గంటల తొలి చార్జింగ్ పెట్టాకే బండికి బిగించాలి, ఆ పని జరగకపోతే బ్యాటరీ తన పూర్తి సామర్థ్యానికి ఎన్నటికీ చేరదు. ఈ రోజు ఆర్డరు ఇచ్చి రేపు తీసుకెళతానని చెప్పడమే మంచిది. వీఆర్ఎల్ఏ అయితే షాపులోనే మీటరు పెట్టి కొలవండి, 12.6 కన్నా తక్కువ చూపిస్తే చాలాకాలం నిల్వ ఉన్నదని గ్రహించి మరొకటి అడగండి. బిగించిన రోజు తేదీ, ఆ రోజు చూసిన మూడు కొలతలు ఒక కాగితం మీద రాసి సైడ్ ప్యానెల్ లోపలి వైపు అతికించండి. నా ప్రస్తుత బ్యాటరీ కాగితం మీద సెల్ఫ్ కొట్టినప్పటి అంకె మొదటి ఏడాది 10.6, మూడో ఏడాది 10.1. ఇంకొంత కాలం నెట్టుకురావచ్చునని అది చెబుతోంది.

పాత బ్యాటరీని షాపులోనే ఇచ్చి రండి. సీసానికి ధర ఉంటుంది కాబట్టి బిల్లులో కొంత తగ్గిస్తారు. వాడేసిన బ్యాటరీలను చెత్తలో కలపకుండా అధీకృత మార్గంలో రీసైక్లింగ్‌కు చేర్చాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు కూడా చెబుతున్నాయి. బరువు తగ్గించుకోవడానికి లోపలి యాసిడ్‌ను మురికి కాలువలోనో, చెట్టు మొదట్లోనో ఒంపకండి. రెండు టెర్మినళ్ల మీద ఇన్సులేషన్ టేపు అంటించి, నిటారుగా, ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకెళ్లండి.